పాత మానిటర్ల స్పేర్లతో మానిటర్ రిపేరు: ఏది పీకాలి, ఏది వదిలేయాలి

ప్యానెల్ పగిలిన మానిటర్‌ని నేను పారేయను, అలాగని రిపేరూ చేయను. అది స్పేర్లకి. ప్యానెల్ బాగుండి, వెలగనని మొరాయించే మానిటరే రిపేరుకి. ఎల్‌సీడీ మానిటర్ మొత్తంలో ఇంట్లో బాగుచేయలేనిది ఆ గాజు పలక ఒక్కటే. మిగతాదంతా రెండు మూడు చిన్న బోర్డులు, గుప్పెడు స్క్రూలు, కాసిన్ని వైర్లు. పగిలిన ప్యానెల్ వెనకాల నిక్షేపంలాంటి బోర్డులు ఉండటం మామూలే.

అయితే కనిపించిందల్లా పీకి ఇంకోదాంట్లో అతికిస్తే రిపేరు నాలుగు రోజులు కూడా నిలవదు. స్పేర్ల విషయంలో నేను చూసేది ఒక్కటే: ఆ భాగం వాడకంతో, వేడితో అరిగేదా, కాదా? ట్రాన్స్‌ఫార్మర్లు, డయోడ్లు, మాస్‌ఫెట్లు (కరెంటుని స్విచ్‌లా ఆన్-ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు), వేడిని లాగే హీట్ సింకులు, కేబుళ్లు, కనెక్టర్లు, మెయిన్ బోర్డులు (కంప్యూటర్ నుంచి వచ్చే బొమ్మని ప్యానెల్‌కి అందించేవి) మల్టీమీటరు పరీక్షలో నెగ్గితే ఎంత పాతవైనా ధైర్యంగా వాడేస్తాను. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లనీ, పాత మానిటర్లలో వెనక వెలిగే సీసీఎఫ్‌ఎల్ ట్యూబుల్నీ మాత్రం ముందు అనుమానిస్తాను. అవి పాత మానిటర్‌లోనే సగం ఆయుష్షు ఖర్చు పెట్టుకుని వస్తాయి.

ముందు కరెంటు సంగతి

ప్లగ్ పీకేశాం కదా అని పవర్ బోర్డు మీద చెయ్యి వేయకూడదు. బోర్డులో అన్నిటికన్నా లావుగా ఉండే కెపాసిటర్ మీద 400 లేదా 450 వోల్టులని రాసి ఉంటుంది. 230 వోల్టుల ఏసీ, బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్ల జట్టు) దాటి డీసీ అయ్యేసరికి దాదాపు 325 వోల్టులవుతుంది. 120 వోల్టుల సప్లై ఉన్నచోట 170. ప్లగ్ తీసేశాక కూడా ఆ వోల్టేజీ అందులో నిలిచి ఉండొచ్చు. ముఖ్యంగా బోర్డు చచ్చిపోయి లోడు తీసుకోనప్పుడు త్వరగా దిగదు. అంటే పని చేయని బోర్డే ఎక్కువ ప్రమాదం.

దాన్ని దించడానికి 2.2 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న రెండు వైర్లు అతికించి పెట్టుకోండి. కెపాసిటర్ రెండు కాళ్లకీ కొన్ని సెకన్లు ఆనించి, తర్వాత మీటరుతో సున్నాకి దగ్గరగా వచ్చిందో లేదో చూడండి. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి టప్‌మనిపించే పద్ధతి వద్దు. ఆ నిప్పురవ్వకి బోర్డు మీద ట్రాకులు లేచిపోతాయి, కంటికీ మంచిది కాదు.

రెండో జాగ్రత్త: ట్యూబుల బ్యాక్‌లైట్ ఉన్న మానిటర్‌లో ఇన్వర్టర్ (ఆ ట్యూబుల్ని వెలిగించే భాగం) ఇచ్చే వోల్టేజీ మామూలుగా 600 నుంచి 1000 దాకా ఉంటుంది, ట్యూబు అంటుకునే క్షణంలో ఇంకా ఎక్కువ. ఆన్‌లో ఉండగా అక్కడ మామూలు మల్టీమీటరు పెట్టకండి. మీటరు పోతుంది, మీకూ తగలొచ్చు.

మూడోది, సిరీస్ బల్బు. రిపేరు చేసిన బోర్డుకి మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు దారిలో 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బు ఉండాలి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే పర్వాలేదు. నిండుగా వెలుగుతూ ఉండిపోతే ఎక్కడో షార్ట్ ఇంకా మిగిలి ఉంది. బల్బు లేకుంటే ఆ షార్ట్ మీకు పేలుడులా తెలిసేది. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు.

విప్పే ముందే రోగం పట్టుకోవడం

పవర్ బటన్ దగ్గరి చిన్న లైటు అసలు వెలగకపోతే పవర్ బోర్డు. లైటు మినుకుమినుకుమంటున్నా, పదిసార్లు ఆన్-ఆఫ్ చేస్తేగానీ బొమ్మ రాకపోయినా అదే బోర్డులోని సెకండరీ కెపాసిటర్లు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ దాటాక తక్కువ వోల్టేజీ వైపు ఉండేవి. చలికాలంలో మొరాయించి, కాస్త వేడెక్కాక బుద్ధిగా పని చేసే మానిటర్ అయితే విప్పకుండానే కెపాసిటర్ అని చెప్పేయొచ్చు.

బొమ్మ రెండు సెకన్లు కనిపించి తెర నల్లబడితే టార్చి తీసుకుని తెర మీదికి ఏటవాలుగా కొట్టండి. లోపల బొమ్మ మసగ్గా కదులుతుంటే ప్యానెల్, మెయిన్ బోర్డు రెండూ బాగున్నట్టే, పోయింది బ్యాక్‌లైట్. తెరంతా తెల్లగా వెలిగి బొమ్మ లేకపోతే ప్యానెల్‌కి వెళ్లే కేబులో, ప్యానెల్‌కి అందాల్సిన సప్లైయో, ప్యానెల్‌కే అంటి ఉండి దాన్ని నడిపే టీకాన్ బోర్డో. కేబుల్ రెండు చివరలా ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కితే సరిపోయినవి చాలానే ఉన్నాయి.

పై నుంచి కింద దాకా ఒకే ఒక్క నిలువు గీత, ఎప్పుడూ అదే చోట కనిపిస్తే ప్యానెల్ అంచున గాజుకి అంటించిన పల్చటి ఫ్లెక్స్ కేబుల్ వదులైందని అర్థం. దాన్ని సోల్డరింగ్ ఐరన్‌తో అతికించలేరు. గీతతోనే వాడుకోండి, లేదా స్పేర్లలో కలిపేయండి.

విప్పడం

మెత్తటి గుడ్డ మీద తెర బోర్లా పడుకోబెట్టి, స్టాండు తీసి, దాని చాటున ఉన్న స్క్రూలన్నీ తీశాక అంచు చుట్టూ క్లిప్పులే మిగులుతాయి. పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి కింది అంచు దగ్గర దూర్చి మెల్లగా జరుపుతూ పోతే ఒక్కో క్లిప్పూ కటక్‌మని వదులుతుంది. స్క్రూడ్రైవర్ దూరిస్తే ప్లాస్టిక్‌కి గాట్లు పడతాయి, ప్యానెల్‌కి తగిలితే కథ అక్కడే ముగుస్తుంది. ముందు వైపు ఫ్రేము ఊడిన మరుక్షణం లాగేయకండి. బటన్ల వైరు దానికే ఉంటుంది. ప్రతి కనెక్టరూ పీకేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

కెపాసిటర్లు

సగానికి పైగా మానిటర్ రిపేర్లు ఇక్కడే తేలిపోతాయి. 2000 దశకం మొదటి సంవత్సరాల్లో నాసిరకం ఎలక్ట్రోలైట్ ఉన్న కెపాసిటర్లు పెద్ద ఎత్తున మార్కెట్లోకి వచ్చి మదర్‌బోర్డుల్నీ మానిటర్లనీ చంపాయి. వాటి కాలం అయిపోయినా, హీట్ సింకు పక్కనే కెపాసిటర్ నిలబెట్టే డిజైన్లు మాత్రం పోలేదు.

సెకండరీ వైపు, అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి అవతల, మెయిన్ బోర్డుకి వెళ్లే కనెక్టర్ దగ్గర గుంపుగా నిలబడిన కెపాసిటర్ల నెత్తి చూడండి. బల్లపరుపుగా ఉండాలి. కాస్త ఉబ్బినా, గాటు దగ్గర గోధుమరంగు మరక ఉన్నా పోయినట్టే. ఒకటి ఉబ్బితే ఆ గుంపులో అన్నీ మార్చేస్తాను, మిగతావీ అదే వేడి తిన్నాయి గనక.

ఇక్కడ స్పేర్ల మీద నా ప్రేమని పక్కన పెడతాను. సెకండరీ కెపాసిటర్లు కొత్తవి దొరికితే కొత్తవే వేయండి. దొరకని పరిస్థితిలో పాతవి వేయాల్సి వస్తే నాలుగు చూడాలి: ఒంటి మీద 105 డిగ్రీలని ఉండాలి, 85 కాదు. వోల్టేజీ పాతదానితో సమానంగానో ఎక్కువగానో ఉండాలి. కెపాసిటీ 20 శాతం అటూ ఇటూ అయినా ఫరవాలేదు. నాలుగోది, అందరూ వదిలేసేది, ఈఎస్‌ఆర్, అంటే కెపాసిటర్ లోపలి నిరోధం. ఈ బోర్డులు సెకనుకి పదుల వేలసార్లు స్విచ్ అవుతుంటాయి. లోపలి నిరోధం ఎక్కువున్న కెపాసిటర్ అక్కడ వేడెక్కి, మీటరులో మైక్రోఫారడ్లు సరిగ్గా చూపిస్తూనే పని మానేస్తుంది. ఆడియో ఆంప్లిఫయర్‌లోంచి పీకిన మామూలు రకం అక్కడ నిలవదు. మదర్‌బోర్డు మీద ఉండేవి లో-ఈఎస్‌ఆర్ రకమే, కానీ చాలావాటి మీద 6.3 వోల్టులని ఉంటుంది. 5 వోల్టుల లైన్లో ఇరుకుగా సరిపోతాయి, 12 వోల్టుల లైన్లో పేలతాయి. సెట్-టాప్ బాక్సు పవర్ బోర్డుల్లోవి, హీట్ సింకుకి దూరంగా ఉన్నవి, ఈఎస్‌ఆర్ మీటరు ఒప్పుకుంటే నాకు ఇష్టం.

పీకే పద్ధతి. కొత్త బోర్డుల్లో సీసం లేని సోల్డర్ ఉంటుంది, అది 217 డిగ్రీల దాకా కరగదు. దాని మీద ముందు కాస్త సీసం ఉన్న మామూలు 60/40 సోల్డర్ కరిగించి కలపండి, అప్పుడు తేలిగ్గా లొంగుతుంది. ఒక కాలు వేడి చేస్తూ కెపాసిటర్‌ని రెండో వైపుకి కొద్దిగా వంచండి, తర్వాత రెండో కాలు, మళ్లీ మొదటిది. అలా ఊపుతూ ఊపుతూ బయటికి తేవాలి. బలంగా లాగితే రంధ్రం చుట్టూ ఉన్న రాగి బిళ్ల కూడా ఊడొస్తుంది. పంపుతో సోల్డర్ లాగేశాక రంధ్రం ఇంకా మూసుకునే ఉంటే, వేడి చేసి చెక్క టూత్‌పిక్ గుచ్చండి. సోల్డర్ చెక్కకి అంటదు.

కెపాసిటర్ ఒంటి మీద చార ఉన్న వైపు నెగటివ్. బోర్డు మీద సాధారణంగా రంగు నింపిన సగం నెగటివ్, కానీ దీనికి విరుద్ధంగా ముద్రించిన బోర్డులూ ఉన్నాయి. అందుకే పీకేముందు ఫొటో తీయమనేది. ఎత్తు సరిపోకపోతే కాళ్లు వంచి పడుకోబెట్టండి, హీట్ సింకుకి మాత్రం ఆనించొద్దు.

ఉబ్బని దొంగ ఒకడున్నాడు. ప్రైమరీ వైపు, అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇవతల మెయిన్స్ కరెంటు వచ్చే వైపు, చిన్న కంట్రోల్ ఐసీ పక్కన 22 లేదా 47 మైక్రోఫారడ్, 50 వోల్టుల బుల్లి కెపాసిటర్. ఐసీ మేలుకోవడానికి కావాల్సిన సప్లై దీని మీదే నిలుస్తుంది. ఇది చప్పుడు లేకుండా ఎండిపోతుంది. పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టులు బాగానే ఉండి బోర్డు మాత్రం నిద్రలేవకపోతే ముందు దీన్ని మార్చండి. ఇలాంటి బోర్డు పారేయబోయి ఆగినవాళ్లు ఈ ఒక్క బుల్లి భాగానికి దండం పెట్టుకోవాలి.

ఫ్యూజు పోయి ఉంటే

ఫ్యూజు ఊరికే పోదు. కొత్తది వేసి కరెంటిచ్చేముందు మీటరు డయోడ్ మోడ్‌లో బ్రిడ్జి నాలుగు డయోడ్లూ చూడండి: ఒక వైపు 0.5 నుంచి 0.7 దాకా, ఇంకో వైపు ఏమీ చూపకూడదు. తర్వాత హీట్ సింకుకి బిగించిన మాస్‌ఫెట్ డ్రెయిన్, సోర్స్ అనే రెండు కాళ్ల మధ్య చూడండి. బీప్‌మంటే అది షార్ట్. మాస్‌ఫెట్ షార్ట్ అయినప్పుడు దాని సోర్స్ కాలు దగ్గరి చిన్న విలువ రెసిస్టరూ, కంట్రోల్ ఐసీ కూడా పోయి ఉండే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు నేను భాగాలతో కుస్తీ పట్టను. స్పేర్లలో అదే నంబరు బోర్డు ఉంటే బోర్డే మార్చేస్తాను.

మాస్‌ఫెట్ ఒక్కటే పోతే 7ఎన్60 లాంటి 600 వోల్టుల రకం స్పేర్ల బోర్డుల్లో దొరుకుతుంది. వీపు చూసుకోండి. కొన్నింటికి వెనకంతా ప్లాస్టిక్, కొన్నింటికి బయటికి కనిపించే లోహం. ప్లాస్టిక్ వీపుదాని స్థానంలో లోహపుది బిగిస్తే మధ్యలో కరెంటు దాటనివ్వని మైకా రేకు, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి. లేకుంటే హీట్ సింకుకి 325 వోల్టులు ఎక్కుతాయి.

సెకండరీ వైపు ఏసీని డీసీ చేసే షాట్కీ డయోడ్ షార్ట్ అయితే ఫ్యూజు పోకుండా బోర్డు టిక్కుటిక్కుమంటూ ఆగిపోతూ ఉంటుంది. కంప్యూటర్ పవర్ సప్లైలోంచి ఎంబీఆర్ 20100, అంటే 20 ఆంపియర్లు 100 వోల్టుల రకం, పీకి వేయొచ్చు. అదే సప్లైలో దొరికే 2045 చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ అది 45 వోల్టులకే. 12, 19 వోల్టుల లైన్లో డయోడ్ మీద వెనక్కి పడే వోల్టేజీ అంతకన్నా ఎక్కువే.

బ్యాక్‌లైట్

రెండు సెకన్లలో ఆరిపోయే రోగంలో ఇన్వర్టర్ కావాలనే ఆపుతుంది. ఒక్క ట్యూబు సరిగ్గా కరెంటు తీసుకోకపోయినా మొత్తం ఆపేయమని ఐసీకి చెప్పి ఉంటుంది. తప్పు ట్యూబుదా, ట్రాన్స్‌ఫార్మర్‌దా అన్నదే ప్రశ్న.

నా బల్ల మీదికి వచ్చిన ఒక 19 అంగుళాల మానిటర్‌లో నాలుగు ట్యూబులు, వాటికి నాలుగు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు. కరెంటు తీసేసి ఒక్కోదాని సెకండరీ చుట్ట నిరోధం కొలిస్తే మూడు 800 ఓముల చుట్టూ ఉన్నాయి, నాలుగోదానికి మీటరు కదల్లేదు. భూతద్దంలో చూస్తే తల వెంట్రుకకన్నా సన్నటి తీగ పిన్ను చుట్టు దగ్గర ఆకుపచ్చగా చిలుము పట్టి తెగి ఉంది. ప్యానెల్ పగిలిన ఇంకో మానిటర్ ఇన్వర్టర్‌లో అదే నంబరు ట్రాన్స్‌ఫార్మర్ దొరికింది, పేరు మాత్రం వేరే కంపెనీది. ఇక్కడ ఓముల అంకె ముఖ్యం కాదు, బోర్డుబోర్డుకీ మారుతుంది. పక్కపక్కనున్నవి ఒకదానితో ఒకటి సరిపోలాలి, అంతే. నంబరు కలవని ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం వేయకండి.

నిరోధాలన్నీ సరిపోలితే ట్యూబు మీద అనుమానం. పగిలిన ప్యానెల్లోని ట్యూబులు చాలాసార్లు బాగానే ఉంటాయి. అలాంటి బాగున్న ట్యూబుని ఒక్కో సాకెట్లో వంతులవారీగా పెట్టి చూడండి. ఏ సాకెట్లో పెట్టినప్పుడు మానిటర్ ఆరకుండా నిలబడిందో ఆ సాకెట్ అసలు ట్యూబు పోయిందన్నమాట. శాశ్వతంగా మార్చేది అదే పొడవుదై ఉండాలి. చివరలు ఎర్రగానో నల్లగానో మాడినది వద్దు. ఈ ట్యూబుల్లో కొద్దిగా పాదరసం ఉంటుంది; పగిలితే కిటికీలు తెరిచి, ముక్కలు చేత్తో కాకుండా అట్టముక్కతో ఎత్తండి.

ఎల్‌ఈడీ మానిటర్ అయితే ప్యానెల్ అంచున సన్నటి పట్టీ మీద ఎల్‌ఈడీలు వరసగా సిరీస్‌లో ఉంటాయి, ఒక్కోదానికి దాదాపు 3 వోల్టులు. ఒకటి తెగితే ఆ వరసంతా చీకటి. కొత్త పట్టీ కోసం స్పేర్ల ప్యానెల్ విప్పొచ్చు. పొడవు, ఎల్‌ఈడీల సంఖ్య, కనెక్టర్ మూడూ కలవాలి. పట్టీ దొరకక, పోయిన ఎల్‌ఈడీని వైరుతో దాటించేవాళ్లున్నారు. ఒక్కటే వరస, ఒక్కటే ఎల్‌ఈడీ అయితే డ్రైవర్ (ఎల్‌ఈడీలకి కరెంటిచ్చే సర్క్యూట్) కరెంటు స్థిరంగా ఉంచుతుంది గనక నడుస్తుంది. పక్కపక్కన చాలా వరసలున్నచోట ఒకటి తేడాగా ఉందని డ్రైవర్ ఆపేయవచ్చు. ప్యానెల్ విప్పితే లోపలి తెల్ల కాగితాల్లాంటి షీట్ల వరుసక్రమం ఫొటో తీయండి, వేలిముద్ర పడనీయకండి, గాజు అంచున వేలాడే ఫ్లెక్సుల్ని అసలు వంచకండి.

మెయిన్ బోర్డు మార్చడం, అడాప్టర్‌తో నడపడం

మెయిన్ బోర్డు మార్చాలంటే మానిటర్ మోడల్ ఒక్కటైతే చాలదు. ఒకే మోడల్లో వేర్వేరు ప్యానెళ్లు వాడేస్తారు. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద నంబరు చూడండి, ఉదాహరణకి ఎల్‌ఎమ్215డబ్ల్యూఎఫ్3 అని ఉంటే అది ఎల్‌జీ డిస్‌ప్లే తయారుచేసిన 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ప్యానెల్. రెండు మానిటర్లలోనూ ఆ నంబరు కలిస్తే బోర్డు మార్చేయండి. కలవకుండా మార్చితే, రంగులు తారుమారు కావడంతో సరిపోతే అదృష్టమే. ఒకదానికి 3.3 వోల్టులు, ఇంకోదానికి 5 వోల్టులు కావాల్సినచోట ప్యానెలే పోతుంది. కేబుల్ కనెక్టర్ సరిగ్గా కూర్చుంది కదా అని నమ్మకండి.

పవర్ బోర్డు ప్రైమరీ మసైపోయి, సెకండరీ బాగున్న ఎల్‌ఈడీ మానిటర్లకి పాత లాప్‌టాప్ అడాప్టర్ మంచి స్పేరు. కనెక్టర్ పక్కన బోర్డు మీద వోల్టేజీలు ముద్రించి ఉంటాయి. అక్కడ 19 వోల్టులని ఉంటే 19 వోల్టులు, 3.42 ఆంపియర్ల అడాప్టర్ నిక్షేపంగా సరిపోతుంది. 12 అనో 14 అనో ఉంటే దానికి తగ్గ అడాప్టరే చూసుకోవాలి. 5 వోల్టుల కోసం వోల్టేజీ తగ్గించే ఎల్‌ఎం2596 బక్ మాడ్యూల్ పెట్టి, మానిటర్‌కి కలిపేముందే స్క్రూ తిప్పి మీటరులో 5.0 వచ్చాక కలపండి. పాత కరెంటు సాకెట్ వైర్లు బోర్డు నుంచి పూర్తిగా కత్తిరించేయాలి, రేపు ఎవరో అలవాటుగా ప్లగ్ పెట్టేస్తారు.

మెనూ తనంతట తానే తెరుచుకుంటూ ఉంటే బోర్డులేమీ మార్చక్కర్లేదు. బటన్ల కింద ఉండే 6 మిల్లీమీటర్ల చిన్న స్విచ్ లోపల చిలుము పట్టి కరెంటు కారుతోంది. స్పేర్ల మానిటర్ బటన్ బోర్డులోంచి ఒకటి తీసి వేస్తే అయిపోతుంది. బటన్ బోర్డు వైరు పీకి చూస్తే మెనూ ఆగిందా లేదా తెలిసిపోతుంది, అదే పరీక్ష.

బిగించే ముందు

మూత బిగించకుండానే, మొదట సిరీస్ బల్బుతో, తర్వాత నేరుగా కరెంటిచ్చి బొమ్మ వచ్చాక 5 వోల్టుల లైను కొలవండి. మీటరు నెగటివ్ తీగ సెకండరీ గ్రౌండ్‌కే పెట్టాలి, ప్రైమరీ వైపుది కాదు. వెలుతురు పూర్తిగా పెంచినప్పుడు కూడా 4.9కి దిగకుండా నిలబడాలి. నాలుగైదు గంటలు అలాగే వదిలేసి, ప్లగ్ పీకి, పెద్ద కెపాసిటర్ దించి, అప్పుడు కొత్తగా వేసిన భాగాల్ని వేలితో తాకి చూడండి. హీట్ సింకు వేడిగా ఉండటం సహజం. కెపాసిటర్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే అది సరైన రకం కాదు.

స్పేర్లు తీసుకున్న మానిటర్‌ని అలాగే మూలన పడేయకండి. ప్రతి బోర్డుకీ చిన్న కాగితం అంటించి ప్యానెల్ నంబరు, పని చేస్తున్న వోల్టేజీలు, పీకిన భాగం రాసి పెట్టండి. నా డబ్బాలో ఒకదాని మీద ‘5 ఉంది, 14 ఉంది, షాట్కీ తీశాను’ అని ఉంది, ఆ ముక్క చదివితే బోర్డు మళ్లీ కొలవక్కర్లేదు. ట్యూబులు విరక్కుండా అట్టపెట్టెలో పెట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. ఉబ్బిన కెపాసిటర్లు మాత్రం పీకిన రోజే పారేయండి, డబ్బాలో ఉంటే ఎప్పుడో అవసరానికి చెయ్యి వాటి మీదికే పోతుంది.